వేపుడు పక్కన దోరమామిడి

పోయినేడు గంగజాతర ఆఖరి మంగళవారం మా ఇంట్లో భోజనాల దగ్గర ఒక చిన్న గిన్నె గురించి పెద్ద చర్చే జరిగింది. జాతరంటే తిరుపతి వాళ్లకి నేను చెప్పేదేముంది, ఇంటినిండా చుట్టాలు. పొద్దున్నే పొంగళ్లు అయిపోయాయి. మధ్యాహ్నానికి పొట్టేలు మాంసం వేపుడు, పులుసు, వంజరం చేప వేపుడు, అన్నం, పప్పు, చారు. వీటి మధ్య నేనొక గిన్నె పెట్టాను. దోరగా ఉన్న తోతాపురి మామిడిని సన్నగా ముక్కలు కోసి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర, నిమ్మరసం, ఉప్పు కలిపిన గిన్నె. టెక్సాస్‌లో ఉండే మా అక్క కొడుకు అంతకు ముందు సంవత్సరం వచ్చినప్పుడు నేర్పించి పోయిన సల్సా అది.

మా పెద్దమ్మ గిన్నెలోకి తొంగిచూసింది.

“ఏందమ్మే ఇది? కూర పక్కన పండు పెట్టినావు?”

“పండు కాదు పెద్దమ్మా, దోరకాయే. చేపముక్కతో కలిపి తినాల.”

“పండు తినాలనుంటే అన్నం తిన్నాక ఓ గంట ఆగి తిను. కూరా పండూ ఒకేసారి ఎవురైనా తింటారా? కడుపు చెడతాది.”

అని గిన్నెను మజ్జిగ చెంబు పక్కకి జరిపేసింది. పిల్లలు తిన్నారు, మా మరిది రెండుసార్లు వేసుకున్నాడు. మిగతావాళ్లు పెద్దమ్మ ముఖం చూసి ముట్టుకోలేదు. సగం గిన్నె అట్లే మిగిలిపోయింది. ఆ సగం గిన్నె గురించి నేను ఈ ఏడాదంతా ఆలోచిస్తూనే ఉన్నాను, వండుతూనే ఉన్నాను. ఇప్పుడు నాకు ఒక అభిప్రాయం గట్టిగా కుదిరింది. కూర పక్కన పండు ఉండకూడదన్నది మన ఆచారమేమీ కాదు, మనం ఎప్పుడూ తరచి చూడని ఒక అలవాటు. ఇంత మామిడి పండే చిత్తూరు సీమలో చేప వేపుడు పక్కన దోరమామిడి సల్సా లేకపోవడం నిజంగా లోటే. కాకపోతే అది అన్నిటి పక్కనా నిలబడదు. ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ నిలబడదో కూడా చెప్పాలి కాబట్టి ఈ పోస్టు పొడుగైంది.

పులుపైతే సరే, తీపి తగిలితే తప్పా?

పెద్దమ్మ మాటను కొట్టిపారేయడం నాకిష్టం లేదు. ఆమె చేతి చేపల పులుసు తిని పెరిగినదాన్ని. ఆ పులుసులో ఏముంటుంది? చింతపండుతో పాటు టెంకతో సహా కోసిన పచ్చిమామిడి ముక్కలు. ఆ ముక్కల కోసం మేము అక్కచెల్లెళ్లం కొట్టుకునేవాళ్లం. అంటే మామిడికి చేపకి మన వంటింట్లో ఎప్పుడో పొత్తు కుదిరింది. మటన్ ముదురుగా ఉంటే పచ్చి బొప్పాయి ముక్క నూరి పట్టించేది కూడా పెద్దమ్మే. మరి ఆమెకు అభ్యంతరం ఎక్కడ వచ్చింది?

ఇదే మాట ఆమెనే అడిగాను. “పులుసులో ఏస్తే ఉడుకుతాది, అది కూరలో కలిసిపోతాది. ఇది పచ్చిది, తీపిది” అంది. ఆలోచిస్తే ఆమె గీసిన గీత చాలా స్పష్టంగా ఉంది. కాయ కూరలోకి వస్తుంది, పండు రాదు. ఉడికింది వస్తుంది, పచ్చిది రాదు. పులుపు వస్తుంది, తీపి రాదు.

ఈ గీతలో కొంత బలం ఉంది. పూర్తిగా మాగిన బేనీషాని, అంటే బంగినపల్లి మామిడిని తెచ్చి మటన్ పక్కన పెడితే నాకూ నచ్చదు, ఒకసారి చేసి చూశాను కాబట్టే చెబుతున్నాను. తీపి నాలుక మీద పరుచుకుని కూర రుచిని మింగేస్తుంది. కానీ మన నాలుకకు పులుపూ తీపీ కారం కలిసిన రుచి కొత్తదా? బడి గేటు ముందు తోతాపురిని నిలువుగా చీల్చి ఉప్పూ కారం అద్ది అమ్మే బండి దగ్గర నిలబడని వాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు? ఆ ముక్క పూర్తిగా పులుపు కాదు, పూర్తిగా తీపి కాదు. కొరికితే కరకరమంటుంది. మధ్యలో పసుపు తిరిగి, తొక్క దగ్గర ఇంకా తెల్లగా ఉంటుంది. సల్సాకి కావలసింది సరిగ్గా ఆ కాయ. బడి ముందు నిలబడి తిన్నదాన్నే ఇంట్లో కంచంలో, చేపముక్క పక్కన పెట్టుకోమంటున్నాను.

కడుపు చెడుతుందన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. పాలు, చేపలు కలిపి తినకూడదని ఆయుర్వేదం విరుద్ధాహారంలో చెప్పింది, అది మన ఇళ్లలో ఇప్పటికీ పాటిస్తారు, నేనూ పాటిస్తాను. కానీ మామిడి, చేప కలిస్తే విరుద్ధమైతే పెద్దమ్మ పులుసు ముందు తప్పవుతుంది. అయితే పచ్చిగా తినే పదార్థం కాబట్టి శుభ్రం విషయంలో ఆమె భయం న్యాయమైనదే. చేప కోసిన కత్తిపీట మీదే మామిడి కోస్తే కడుపు నిజంగానే చెడుతుంది. సల్సా పొయ్యి ఎక్కదు కదా, దాని మీద పడిన మురికిని చంపే మంట ఉండదు. నేను మామిడి, ఎర్రగడ్డ, కొత్తిమీర అన్నీ ముందే కోసి మూత పెట్టేసి, ఆ తర్వాతే చేప ముట్టుకుంటాను.

మిరప ఇటు వచ్చింది, మామిడి అటు వెళ్లింది

సల్సా అంటే స్పానిష్‌లో సాస్ అనే. ఉప్పు వేసినది అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. టమాటా, మిరప కలిపి నూరుకోవడం స్పెయిన్ వాళ్లు మెక్సికోలో అడుగుపెట్టక ముందు నుంచే అక్కడి వాళ్లకి తెలుసు. 16వ శతాబ్దంలో అక్కడ పనిచేసిన బెర్నార్దినో దె సహగున్ అనే పాదిరి, అంగట్లో మిరప, టమాటా కలిపిన సాసులు అమ్మేవాళ్ల గురించి రాసిపెట్టాడు. వాళ్లు నూరుకునే మోల్కహేతే అనే రాతి గిన్నెను ఫొటోలో చూపిస్తే మా అమ్మ “మన చిన్నరోలే కదా, కాళ్లు పెట్టినారు” అంది. మూడు కాళ్లుంటాయి దానికి.

మిరపకాయ మనది కాదు, అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్లతో వచ్చింది. టమాటా కూడా ఆ ఖండానిదే. మదనపల్లె టమాటా మార్కెట్ పక్కన పెరిగిన వాళ్లకి ఈ మాట చెబితే నమ్మరు. మామిడి మాత్రం ఇటు నుంచి అటు వెళ్లింది. 1565 నుంచి 1815 దాకా ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి మెక్సికోలోని అకపుల్కో రేవుకి స్పెయిన్ ఓడలు తిరిగాయి. మెక్సికోలో ఇప్పటికీ మనీలా పేరుతోనే ఒక మామిడి రకం ఉంది. అక్కడి వీధుల్లో కూడా మామిడి ముక్కల మీద కారం, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి అమ్ముతారు. మా అక్క కొడుకు ఆ బండి ఫొటో పంపించి “పిన్నీ, మన బడి గేటు” అని రాశాడు.

ఇది చెప్పడం ఎందుకంటే, పరాయి వంట కాబట్టి మనకెందుకు అనే వాళ్లకి ఆ గిన్నెలో ఏది పరాయిదో తేల్చడం కష్టం. మన మామిడి వాళ్ల దగ్గర, వాళ్ల మిరప మన దగ్గర స్థిరపడి వందల ఏళ్లయింది. రెండు దేశాల వాళ్లూ ఎవరూ నేర్పకుండానే మామిడికి ఉప్పూకారం అద్దుకున్నారు. వాళ్లు ఇంకో అడుగు వేసి దాన్ని చేప పక్కకి, మాంసం పక్కకి తెచ్చుకున్నారు. మనం బడి గేటు దగ్గరే ఆగిపోయాం.

ఏ కాయ, ఏ చేప

మొదట కాయ. తోతాపురికి సాటి లేదు. ముక్కు తేలిన ఆ కాయను పచ్చిగా తినేవాళ్లు తప్ప పండుగా మెచ్చుకునేవాళ్లు మన దగ్గర తక్కువ. పండు తినాలంటే అందరూ బేనీషా దగ్గరికే పోతారు. సల్సా విషయంలో అది తలకిందులవుతుంది. మాగిన బేనీషా ముక్క ఉప్పు తగలగానే మెత్తబడి, పది నిమిషాల్లో గుజ్జవుతుంది. తోతాపురి కండ గట్టిది, దోరకి వచ్చాక కూడా ముక్క అంచు అట్లే నిలుస్తుంది. పోయినేడు నేను చేసింది మా నాయన తోటలో గాలివానకి రాలిన కాయలతో. దామలచెరువు వైపు మాకు కాస్త తోట ఉంది. రాలిన కాయల్లో బాగా ముదిరినవి ఏరి నాలుగు రోజులు వరిగడ్డిలో పెడితే దోరకి తిరిగాయి. తొడిమ కోసి కాయను బోర్లించి సొన కారనివ్వాలి, లేకపోతే ఆ ఘాటు ముక్కల్లోకి దిగుతుంది, పెదాలు పొక్కుతాయి.

నలుగురికి ఒక పెద్ద కాయ చాలు. చెక్కు తీసి, అలసందగింజ కంటే కాస్త పెద్దగా ముక్కలు. సగం ఎర్రగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు వీలైనంత సన్నగా. ఇక్కడ వరుస ముఖ్యం, నేను దీన్ని మూడు నాలుగు సార్లు పాడు చేసుకున్నాక నేర్చుకున్నాను. ముందు ఎర్రగడ్డ, మిరపకాయల మీద నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి పది నిమిషాలు వదిలేయాలి. ఎర్రగడ్డ ఘాటు తగ్గి, లేత గులాబీ రంగుకి వస్తుంది. అప్పుడు మామిడి. మిగతా ఉప్పు, కొత్తిమీర కంచంలో పెట్టబోయే ముందు. ఉప్పు ముందే వేస్తే పండులోని నీళ్లన్నీ బయటికి వచ్చి గిన్నె అడుగున చారు తయారవుతుంది. నూనె వద్దు, జీలకర్ర వద్దు, చాట్ మసాలా అసలే వద్దు. చాట్ మసాలా పడితే అంతా ఒకటే రుచి, ఏ పండు వేశామో కూడా తెలియదు.

చేప దగ్గర నాకు ఎదురైన ఇబ్బంది ఏ వంట వీడియోలోనూ చెప్పింది కాదు. మన చిత్తూరు సీమకి సముద్రం లేదు. ఎక్కువగా తినేది చెరువు చేప, శీలావతి, బొచ్చ. వాటిలో సన్నముళ్లు. మనం చేప తినేటప్పుడు వేళ్లతో ముల్లు తడుముకుంటూ, నోట్లో నాలుకతో వెతుక్కుంటూ తింటాం. ఆ నోట్లోకి కరకరలాడే మామిడి ముక్కలు కలిపి వేస్తే ముల్లేదో ముక్కేదో తెలియదు. శీలావతి వేపుడుతో సల్సా పెట్టిన రోజు మా అబ్బోడి గొంతులో ముల్లు దిగి, అరటిపండు, అన్నం ముద్దలు మింగించి, ఆఖరికి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. కాబట్టి నా మాట ఒకటే. ముల్లు తక్కువున్న చేపే సల్సాకి. వంజరం, చందువ, పండుగొప్ప. మంచినీటి చేపల్లో కొర్రమీను. రొయ్యలైతే ఆ దిగులే లేదు.

చేపకి పట్టించే మసాలాను కూడా మార్చుకోవాలి. మామూలుగా మనం వేపుడు చేపకి కారం, ధనియాలపొడి, తెల్లగడ్డ, నిమ్మరసం అన్నీ దట్టంగా పట్టిస్తాం. దాని పక్కన కారమూ పులుపూ ఉన్న సల్సా పెడితే రెండూ కలిసి నోరు మొద్దుబారుతుంది. నిమ్మరసం తీసేయండి, కారం సగం చేయండి. పసుపు, ఉప్పు, తెల్లగడ్డ, కాస్త మిరియాలు. చెనిక్కాయ నూనెలో పైన పొర కరకరలాడేట్టు వేపితే చాలు. పులుపు సల్సా చూసుకుంటుంది. నీచు వాసనకి కారణమైన ట్రైమిథైలమీన్ క్షార గుణం ఉన్నది. పులుపు తగిలితే అది లవణంగా మారి, ముక్కుకి ఎక్కడం తగ్గుతుంది. చేప మీద నిమ్మకాయ పిండుకోవడం వెనక ఉన్నదీ ఇదే, పులుసులో చింతపండు వెనక ఉన్నదీ ఇదే.

ఇంకొకటి. సల్సాను చేప మీద పోయకండి. పక్కన పెట్టండి. ఊళ్లో ఒక పెద్ద హోటల్లో మామిడి సల్సా చేప అని మెనూలో చూసి ఆశగా తెప్పించుకున్నాను. చేపముక్క మీద పసుపుపచ్చగా, జామ్‌లా తియ్యగా ఉన్న గుజ్జు పోసి తెచ్చారు. కింద ముక్క మెత్తబడిపోయింది. అడిగితే డబ్బా గుజ్జు అని చెప్పారు. అది మే నెల. మార్కెట్లో బుట్టలకొద్దీ కాయ ఉంది. నాకు నిజంగా బాధేసింది. మొదటిసారి సల్సా తినేవాళ్లు అది తిని, పెద్దమ్మ చెప్పిందే నిజమనుకుంటారు కదా.

మాంసం సంగతి వేరు

చేప విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. మాంసం విషయంలో అంత ధీమాగా చెప్పలేను.

పొట్టేలు వేపుడులో కొవ్వు ఉంటుంది. మూడు ముద్దలు తినేసరికి నాలుక మీద ఒక పొర కట్టినట్టు అవుతుంది. మధ్యలో పులుపు తగిలితే అది తేలి, తరవాతి ముద్ద మళ్లీ మొదటి ముద్దలా ఉంటుంది. మనం అందుకే పచ్చి ఎర్రగడ్డ, నిమ్మచెక్క పెట్టుకుంటాం. ఆ పని దోరమామిడి కూడా చేస్తుంది, కానీ మటన్ రుచి చేపకన్నా మొండిది. ఒట్టి పులుపు, కరకర సరిపోవు. కాస్త తీపి, కాస్త మాడిన వాసన కావాలి. దీనికి నాకు దొరికిన జవాబు అనాస. అనాసను మందపాటి చక్రాలుగా కోసి, ఇనప పెనం మీద నూనె లేకుండా రెండువైపులా మచ్చలు పడేదాకా కాల్చి, ఆ తర్వాత ముక్కలు చేసి ఎర్రగడ్డ, మిరపకాయ, నిమ్మరసం కలపాలి. మెక్సికోలో అల్ పాస్తోర్ అనే మాంసం వంట ఉంది. లెబనాన్ నుంచి వలస వెళ్లినవాళ్ల షవర్మా పద్ధతిలో చువ్వకి గుచ్చి కాల్చే మాంసం. దాని మీదా అనాస ముక్కలే వేస్తారు. తిని చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

కాల్చడానికి ఇంకో కారణం ఉంది. కాల్చని అనాసలో బ్రోమిలేన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పచ్చి బొప్పాయిలో పపైన్ లాగా. రెండూ మాంసంలోని ప్రోటీన్‌ను విడగొడతాయి. బొప్పాయి నూరి పట్టిస్తే మటన్ మెత్తబడేది అందుకే. కాల్చని అనాస ముక్కలను వేపిన మాంసంతో కలిపి ఒక పూట ఉంచితే మాంసం పైపొర పిండిలా అవుతుంది. వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది. కాల్చే తీరిక లేనివాళ్లు సల్సాను వేరేగా పెట్టి తినేటప్పుడే కలుపుకుంటే చాలు.

నాటుకోడికి జామ ప్రయత్నించాను. గింజలు పంటికింద పడి విసుగు పుట్టించాయి. మధ్య భాగం తీసేసి, గట్టి కండ మాత్రమే కోస్తే బాగుంది. అయినా నాటుకోడికి సల్సా అవసరం ఉందా అంటే నాకింకా నమ్మకం కుదరలేదు. సీతాఫలం వద్దు, సపోటా వద్దు. పుచ్చకాయ నీళ్లు కారుతుంది. ఈరల వేపుడు మీద దానిమ్మ గింజలు మాత్రం ఒకసారి వేసి చూడండి.

ఇక పులుసు. ఇక్కడ నేను పూర్తిగా పెద్దమ్మ వైపు. రసం ఉన్న కూర పక్కన సల్సా నిలబడదు. పులుసులో పులుపు, కారం, ఉప్పు అన్నీ ముందే తూచినట్టు ఉంటాయి, దాంట్లోకి ఇంకో పులుపు వస్తే రెండూ చెడతాయి. ముఖ్యంగా సంగటి. రాగిసంగటి నమిలేది కాదు, ముద్ద చేసి పులుసులో ముంచి మింగేది. సల్సా నమిలితేనే సల్సా. సంగటి తినేవాడి చేతిలో మామిడి ముక్కలు పెడితే అటు మింగలేడు, ఇటు నమలలేడు. మా నాయన ఈ మాట ఒక్క ముద్ద తిని చెప్పాడు. “సంగటికి ఊరిబిండి ఉంది కదా పాపా, దీనికి దాని పని ఎందుకు చెప్తావు?” నిజమే, సంగటికి ఆ చెనిగ్గింజల పచ్చడే జోడీ. పప్పన్నం, చారన్నం పక్కన వేపుడు పెట్టుకున్నప్పుడు, చపాతీతో, దోసెతో, లేకపోతే సాయంత్రం ఊరికే వేపిన ముక్కలు తినేటప్పుడు, అప్పుడు సల్సా.

పేరు మీద పేచీ

మా అన్న పలమనేరులో ఉంటాడు. కన్నడం గాలి తగిలిన ఊరు. గిన్నె చూసి “ఇది కోసంబరే కదా, సల్సా అనే పేరెందుకు?” అన్నాడు. శ్రీరామనవమికి నానబెట్టిన పెసరపప్పులో మామిడికాయ తురిమి, పచ్చిమిరపకాయ, కొబ్బరి, కొత్తిమీర కలుపుతాం, కోసంబరి, వడపప్పు అనేది దాన్నే. వంట చేయనిది, పచ్చిది, మామిడి ఉన్నది. అన్న చెప్పినదాంట్లో తప్పేముంది?

నేను దీని మీద చాలా రోజులు తటపటాయించాను. పరాయి పేరు పెట్టి మన దాన్నే మనకి అమ్మడం నాకూ నచ్చదు. కానీ కోసంబరి, వడపప్పు దేవుడికి నైవేద్యం పెట్టేవి. వాటిలో ఎర్రగడ్డ పడదు. వాటిని మటన్ పక్కన పెట్టి అదే పేరుతో పిలిస్తే మా అమ్మ మనసు కష్టపడుతుంది. కొండకింద ఊరు మాది. పెరటాసి నెలంతా (సెప్టెంబరు, అక్టోబరు మధ్య వచ్చే తమిళ నెల) మాంసం ముట్టని ఇళ్లు మా వీధిలో సగం పైనే. ఏది ఏ పళ్లెంలో ఉండాలో ఇక్కడ జనానికి పట్టింపు ఉంది, ఆ పట్టింపు నాకూ ఉంది. పచ్చడి అందామంటే పచ్చడి నూరేది, అన్నంలో కలుపుకునేది. పచ్చడి చేయడానికి రోలు కావాలి, దీనికి కత్తి కావాలి. కాబట్టి కూర పక్కకి వచ్చే ఈ గిన్నెకి వేరే పేరు ఉండటమే మేలనిపించింది. బిరియానీ, పరోటా అనే పేర్లు వచ్చి మన ఇళ్లలో ఉండిపోలేదా? సల్సా కూడా పలకడానికి కష్టమైన మాటేమీ కాదు.

తోటకీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా

చివరి మాట రాయడానికి కొంచెం వెనకాడాను. 2025 జూన్‌లో తోతాపురి ధర పడిపోయినప్పుడు మన రైతుల ఇళ్లలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 రూపాయలన్నారు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి వరస కట్టాయి. మా నాయన రెండు రాత్రులు ట్రాక్టర్ పక్కనే పడుకున్నాడు. ఎండకి కాయ ట్రాలీలోనే మాగిపోయింది.

సల్సా తింటే రైతు బాగుపడతాడని నేను అనడం లేదు. ట్రాలీల లెక్కన కదలాల్సిన కాయ ఇంటింటికీ రెండు కాయలతో కదలదు. మా అక్క కొడుకు అదే అన్నాడు, “ఎకనామిక్స్ అట్లా పనిచేయదు పిన్నీ” అని. ఒప్పుకుంటాను. కానీ నన్ను తొలిచే విషయం వేరే ఉంది. తోతాపురి అంటే గుజ్జు కాయ అని మనమే తీర్మానించేశాం. ఫ్యాక్టరీకి తోలేది, ఊరగాయకి వచ్చేది, ఇంట్లో తినడానికి రానిది అని. అది పండించే ఊళ్లలోనే కంచంలో దానికి చోటు లేదు. పండుగా బేనీషాతో పోల్చి దాన్ని తక్కువ చేశాం గానీ, దోరకాయగా దానికున్న గుణం ఇంకే రకానికీ లేదు. ఆ కరకర, ఆ పులుపుతీపి, కోసినా చెదరని ఆ ముక్క. ఒక కాయ దేనికి పనికొస్తుందో దాన్ని పండించేవాళ్లకి ముందు తెలియాలి కదా. ఆ హోటల్ వాళ్లు డబ్బా విప్పడానికి కూడా కారణం ఇదేనని నా అనుమానం. మామిడి సల్సా అంటే తియ్యటి గుజ్జు అనుకున్నారు. వీధి చివర బండి మీద చీల్చి పెట్టిన కాయ వాళ్లకి గుర్తు రాలేదు.

మొన్న పెద్దమ్మ ఇంటికి వచ్చింది. నేను వంజరం వేపుతుంటే గడప దగ్గర కూర్చుని, కోసి పెట్టిన మామిడి ముక్కల్ని వేలితో కదిపి చూసింది. “ఇంత మాగింది ఎందుకు తీసుకున్నావు? ఇంకా రెండ్రోజుల ముందరిది తీసుకోవాల. చెనిగ్గింజలు వేంచి కచ్చాపచ్చాగా దంచి పైన చల్లు, ఈ నీళ్లు పీల్చుకుంటాయి” అంది. చల్లాను. నీళ్లు పీల్చుకున్నాయి, పులుపు కూడా ఒద్దికైంది. ఆమె తినలేదు. పప్పన్నంలో వేపుడు ముక్క నంజుకుని, మజ్జిగ పోసుకుని లేచింది. గంట తర్వాత బేనీషా పండు ఒకటి కోసుకుని తినింది.

తోతాపురి కోతలు అయిపోతే నీలం రకం మామిడి వస్తుంది. మా నాయన తోట గట్టు వారగా రెండు వరసలున్నాయి. ముక్క చిన్నది, వాసన గొప్పది. కొర్రమీనుకి దాన్ని దోరలోనే కోసి, వేంచిన చెనిగ్గింజలతో చేసి చూడాలని ఉంది. కొర్రమీను దొరకాలి ముందు.